నటబుద్ధి – రసానుభూతి: తెలుగు చలనచిత్రాల్లో అనూహ్య అభినయం

ఉపోద్ఘాతం

తెలుగు చలనచిత్రాలను గురించి మాట్లాడుకునేటప్పుడు ప్రేక్షకుల నోట, సమీక్షకుల రాతల్లో తరచుగా వినిపించే మెచ్చుకోలు ఒకటుంది. ఈ నటుడిలో ఇంత నటన దాగి ఉందని అనుకోలేదు అన్నది దాని సారాంశం. పైకి ఇది నిండైన ప్రశంస. కాస్త ఆగి చూస్తే ఇందులో అభినయాన్ని గురించిన సమాచారం చాలా తక్కువ. నటుడు ఏమి చేశాడో, ఎలా చేశాడో ఈ మాట చెప్పదు. చూసేవారు అంతకుముందు ఏమనుకున్నారో మాత్రమే చెబుతుంది. సాహిత్య విమర్శలో ఒక కావ్యాన్ని ఈ కవి ఇంత బాగా రాస్తాడనుకోలేదు అని మెచ్చుకొని ఊరుకుంటే దాన్ని విమర్శగా ఎవరూ అంగీకరించరు. చలనచిత్ర నటన దగ్గరికి వచ్చేసరికి అదే మాట తీర్పుగా చెలామణి అవుతోంది.

ఈ అనూహ్యత స్వరూపం ఏమిటి, అది రసానుభూతికి తోడ్పడుతుందా, అడ్డుపడుతుందా అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు 'మాయాబజార్' (1957)లో సావిత్రి, 'శంకరాభరణం' (1980)లో జె.వి. సోమయాజులు, మంజుభార్గవి, 'ఆ నలుగురు' (2004)లో రాజేంద్రప్రసాద్, 'నాంది' (2021)లో అల్లరి నరేష్, 'రంగమార్తాండ' (2023)లో బ్రహ్మానందం ప్రదర్శించిన అభినయాలను ఉదాహరణలుగా స్వీకరించడం జరిగింది.

నటబుద్ధి: ఒక పరిభాష

భారతీయ నాట్యశాస్త్ర సంప్రదాయంలో ఈ చర్చకు పనికివచ్చే పరిభాష ఉంది. 'అభినవభారతి'లో అభినవగుప్తుడు రసానుభవానికి కలిగే విఘ్నాలను వివరిస్తూ, కిరీటం, వేషధారణ వంటివి నటబుద్ధిని కప్పివేస్తాయని అంటాడు. నటబుద్ధి అంటే ఎదుట ఉన్నవాడు ఫలానా నటుడు అనే ఎరుక. అది ప్రేక్షకుడి మనసులో మెలకువగా ఉన్నంతసేపు పాత్ర పూర్తిగా రూపుకట్టదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం జరగాలంటే పాత్ర అనుభవం ఒక వ్యక్తికి చెందినదన్న గుర్తు చెరిగిపోవాలి. ఆ వ్యక్తి రాముడైనా సరే, రాముడి వేషం కట్టిన నటుడైనా సరే.

రంగస్థలంపై ఆహార్యం చేసిన ఈ పనికి చలనచిత్రంలో ఎదురుగాలి వీస్తుంది. వెండితెర మీద నటుడి ముఖం నిలువెత్తున కనిపిస్తుంది. అతడి పేరు పాత్ర పేరు కంటే ముందే గోడపత్రిక మీదికి ఎక్కుతుంది. ఒకే ముఖాన్ని ఏడాదిలో నాలుగు కథల్లో చూసిన ప్రేక్షకుడికి ఐదో కథలో ఆ ముఖం కొత్తది కాదు. నాట్యంలో ఆహార్యం కప్పిపుచ్చిన నటబుద్ధిని చలనచిత్రం పెంచి పోషిస్తుంది. ఇలా పేరుకున్న నటబుద్ధినే వాడుకలో ముద్ర అంటున్నాం. హాస్యనటుడన్న ముద్ర, ప్రతినాయకుడన్న ముద్ర, నర్తకి అన్న ముద్ర ఇటువంటివే.

ఈ దృష్టితో చూస్తే అనూహ్య అభినయం అంటే నటబుద్ధికి భంగం కలిగించే అభినయం. ఇక్కడే ఒక సూక్ష్మమైన చిక్కు ఉంది. భంగపడిన నటబుద్ధి వెంటనే నశించదు. ఆశ్చర్యం రూపంలో మరింత ప్రబలమవుతుంది. అద్భుతానికి స్థాయిభావం విస్మయమని భరతుడు చెప్పాడు. ఆ విస్మయానికి ఆలంబనం కథలోనే ఉంటుంది. ఇతడేనా ఇలా నటిస్తున్నది అని ప్రేక్షకుడు పొందే విస్మయానికి ఆలంబనం కథకు వెలుపల ఉన్న నటుడు. కనుక అది రసం కాదు సరికదా, రసానికి విఘ్నం కూడా కాగలదు. అనూహ్య అభినయపు విలువను అది పుట్టించిన ఆశ్చర్యంతో కొలవడం పొరపాటు. ఆ ఆశ్చర్యం ఎంత త్వరగా, ఏ సాధనంతో అణగిపోయింది అన్నదే సరైన కొలమానం.

ఒక దేహం, రెండు పాత్రలు: సావిత్రి

కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన 'మాయాబజార్' ఈ కొలమానాన్ని పరీక్షించడానికి అనువైన చిత్రం. ఇందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి కౌరవుల విడిదిలో పెళ్లికూతురుగా కూర్చుంటాడు. ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు, శశిరేఖ సావిత్రి. మాయాశశిరేఖ కనబడే సన్నివేశాల్లో తెరమీద ఉన్నది సావిత్రి దేహమే. అయితే ప్రేక్షకుడు చూడవలసినది రంగారావు పోషించిన రాక్షసుణ్ణి.

అప్పటికే 'దేవదాసు' (1953)లో పార్వతిగా, 'మిస్సమ్మ' (1955)లో మేరీగా సావిత్రి తెలుగువారికి సుపరిచితురాలు. 'మిస్సమ్మ'లో ప్రధాన పాత్ర మొదట భానుమతికి ఉద్దేశించినదనీ, తరువాత సావిత్రికి దక్కిందనీ చలనచిత్ర చరిత్ర తెలిసినవారు ఎరుగుదురు. సుకుమారం, అభిమానం, అలక ఆమె ముద్రలో భాగాలు. మాయాశశిరేఖలో ఆమె అడుగు పెద్దదవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, చేతులు నడుము మీదికి చేరతాయి, కనుబొమలు రంగారావు ధోరణిలో ఎగురుతాయి. ఎవరైనా దగ్గరికి వస్తున్నారనగానే ఇవన్నీ ముడుచుకొని తిరిగి కన్యగా ఒదిగిపోతాయి. ఆ సందర్భంలోని పాటలో పి. సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు తొంగిచూస్తుంది. అంటే వాచికం ఇద్దరు గాయకుల మధ్య పంచబడింది. ఆ రెండు గొంతులనూ ఒక్క దేహంలో ఇమిడ్చే భారం మాత్రం సావిత్రి ఆంగికం మీదే పడింది.

ఇక్కడ ఆశ్చర్యం అణగిపోయే తీరు గమనించదగినది. సావిత్రి ఇలా చేయగలదా అన్న విస్మయం మొదటి క్షణాలకే పరిమితం. ఆ తరువాత ప్రేక్షకుడి దృష్టి లక్ష్మణకుమారుడి మీదికి, అతడికి పట్టబోయే గతి మీదికి మళ్లుతుంది. పెళ్లిపీటల మీద రేలంగి పడే అవస్థకు నవ్వుతున్నవారు సావిత్రి ప్రతిభను లెక్కగట్టరు. ఘటోత్కచుడి కొంటెతనాన్ని ఆస్వాదిస్తారు. నటబుద్ధి కరిగి పాత్ర మిగిలిందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. ఆమె అనుకరించినది సాటి నటుడి అలవాట్లను మాత్రమే అయితే ఇది వేషాలు కట్టి నవ్వించే స్థాయిలో ఆగిపోయేది. రాక్షసుడు పట్టుబడతానేమోనని తన్ను తాను అదుపు చేసుకునే ప్రయత్నాన్ని కూడా ఆమె అభినయించింది. పాత్ర అంతరంగం అందులో ఉంది.

అపరిచితుడు, అన్యథా పరిచిత: 'శంకరాభరణం'

కె. విశ్వనాథ్ 'శంకరాభరణం' రెండు భిన్నమైన అనూహ్యతలకు ఒకేచోట ఆశ్రయమిచ్చింది. శంకరశాస్త్రి పాత్రధారి జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారు. అప్పటికి చలనచిత్ర ప్రేక్షకులకు దాదాపు అపరిచితులు. తులసి పాత్రధారిణి మంజుభార్గవి అంతకుముందు చిత్రాల్లో నృత్యగీతాల నర్తకిగా పరిచితురాలు. ఒకరి విషయంలో ముద్ర లేదు. మరొకరి విషయంలో ఉన్న ముద్ర పాత్రకు పూర్తిగా ప్రతికూలం.

సోమయాజులు నటన అనూహ్యమన్న మాటను కొంత సవరించవలసి ఉంటుంది. నాటకరంగం ఎరిగినవారికి ఆయన 'కన్యాశుల్కం'లో రామప్పపంతులు. సోదరుడు జె.వి. రమణమూర్తి గిరీశంగా, తాను రామప్పపంతులుగా ఆ నాటకాన్ని ఎన్నో పర్యాయాలు ప్రదర్శించిన చరిత్ర వారిది. గురజాడ సృష్టించిన రామప్పపంతులుకూ శంకరశాస్త్రికీ మధ్య ఉన్న దూరం ఇంతా అంతా కాదు. ఒకరు వ్యవహారాల మధ్య వంచనతో బతికే మనిషి. మరొకరు నాదం ముందు లోకవ్యవహారాన్నే లెక్కచేయని మనిషి. కాబట్టి చలనచిత్ర ప్రేక్షకుడికి శంకరశాస్త్రి ఏ పూర్వరూపమూ లేకుండా ప్రత్యక్షమైన వ్యక్తి. నాటక ప్రేక్షకుడికి మాత్రం తనకు తెలిసిన పంతులు శాస్త్రిగా మారిన వింత. ఒకే అభినయం ఇద్దరు ప్రేక్షకులకు రెండు రకాల అనూహ్యతను ఇచ్చింది. అనూహ్యత అభినయంలో ఉండే గుణం కాదనీ, ప్రేక్షకుడి పూర్వానుభవాన్ని బట్టి మారే సంబంధమనీ దీనివల్ల స్పష్టమవుతోంది.

శంకరశాస్త్రి పాడేటప్పుడు వినిపించేది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గానం. ప్రేక్షకుడికి చిరపరిచితమైన ఆ గొంతు అపరిచితమైన ముఖం నుంచి రావడం విశ్వసనీయతకు భంగం కలిగించి ఉండవచ్చు. అలా జరగకపోవడానికి సోమయాజులు సంభాషణల్లోని గాంభీర్యం ఒక కారణం. మాటకూ పాటకూ నడుమ ఆయన పాటించిన స్థైర్యం మరో కారణం. పాట మొదలయ్యే ముందు ముఖంలో కలిగే ఏకాగ్రత, తాళం వేసే చేతిలోని నిశ్చయం, చూపును ఎదుటివారి మీద కాక నాదం మీద నిలపడం ఇవన్నీ కలసి గొంతు ఎవరిదన్న ప్రశ్నను పక్కకు తప్పించాయి. చతుర్విధాభినయాల్లో సాత్త్వికానికి భరతుడు ప్రాధాన్యం ఇచ్చిన కారణం ఇటువంటి చోట్ల బోధపడుతుంది.

మంజుభార్గవి ఎదుర్కొన్న సమస్య ఇంకా కఠినమైనది. దేవదాసీ కుటుంబంలో పుట్టి, ఆ జీవితాన్ని అసహ్యించుకొని, ఒక సంగీత విద్వాంసుణ్ణి గురువుగా భావించి ఆరాధించే స్త్రీ తులసి. లోకం ఆమెను చూసే చూపుకూ, ఆమె తన్ను తాను చూసుకునే చూపుకూ నడుమ ఉన్న ఎడమే ఆ పాత్రకు ప్రాణం. నటికి అప్పటికే ఉన్న నర్తకి ముద్రకూ ఇదే గతి పట్టి ఉంది. ప్రేక్షకుడు ఆమెను మొదట లోకం చూపుతోనే చూస్తాడు. కథ నడిచేకొద్దీ తన చూపును తానే మార్చుకుంటాడు. దర్శకుడు ఈ ముద్రను చెరిపివేయకుండా పాత్రార్థంలో భాగం చేశాడని చెప్పవచ్చు. తులసికి సంభాషణలు చాలా తక్కువ. కూచిపూడి శిక్షణ ఉన్న దేహం నిశ్చలంగా, వినమ్రంగా నిలబడటమే ఆమె అభినయంలో పెద్ద భాగం. ఆడగల దేహం ఆడకుండా నిలవడంలో ఒక నిగ్రహం ధ్వనిస్తుంది. ఆ నిగ్రహం తులసి స్వభావమే. క్షేమేంద్రుడు ప్రతిపాదించిన ఔచిత్యాన్ని పాత్రధారి ఎంపికకు అన్వయిస్తే, అనుచితమని తోచిన ఎంపికే పరమోచితమైన సందర్భం ఇది.

హాస్యం నుంచి కరుణకు: రాజేంద్రప్రసాద్

విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో హాస్యానికి విరోధి రసాలుగా కరుణ భయానకాలను పేర్కొన్నాడు. ఒక కావ్యంలో రెండు విరోధి రసాల పొందికను గురించిన సూత్రమిది. తెలుగు ప్రేక్షకుడు తెలియకుండానే దీన్ని నటుడికి అన్వయించినట్లు కనిపిస్తుంది. నవ్వించేవాడు ఏడిపించలేడన్న నమ్మకం ఇలా బలపడింది. హాస్యనటుడు కరుణ పండించినప్పుడల్లా అది అనూహ్యం కావడానికి మూలం ఇదే.

'లేడీస్ టైలర్' (1986), 'అహ నా పెళ్లంట' (1987) వంటి చిత్రాలతో హాస్యకథానాయకుడిగా స్థిరపడిన రాజేంద్రప్రసాద్ 'ఎర్ర మందారం' (1991)లో గంభీరమైన పాత్రకు ఉత్తమ నటుడిగా నంది పురస్కారం అందుకున్నారు. 'ఆ నలుగురు' చిత్రానికి మళ్లీ అదే పురస్కారం వచ్చింది. రెండో పర్యాయం కూడా ప్రేక్షకులు ఆశ్చర్యపోయారు. ఒకసారి నిరూపితమైన సామర్థ్యం పదమూడేళ్ల తరువాత తిరిగి అనూహ్యమైందంటే, అందులో నటుడి లోటు ఏమీ లేదు. ముద్ర ఎంత మొండిదో, ప్రేక్షక స్మృతి ఎంత ఏకపక్షమో అది చెబుతోంది.

చంద్రసిద్ధార్థ దర్శకత్వంలో వచ్చిన 'ఆ నలుగురు'లో రఘురామ్ మరణించిన తరువాత యమదూతల వెంట నిలిచి తన అంత్యక్రియల తతంగాన్ని తానే చూస్తాడు. అతడి మాట ఎవరికీ వినబడదు, రూపం ఎవరికీ కనబడదు. హాస్యనటనకు ప్రతిస్పందన ప్రాణం. ఎదుటివారి మాటను అందుకొని, తగిన క్షణంలో తిరిగి అందించడంలోనే రాజేంద్రప్రసాద్ ప్రత్యేకత. ఈ చిత్రం ఆయన నుంచి ఆ ప్రతిస్పందననే తీసివేసింది. తన భార్యాబిడ్డల ముందే నిలబడి, ఎవరి నుంచీ జవాబు రాని చోట ఆయన జవాబు కోసం ఎదురుచూస్తాడు. హాస్యంలో నవ్వు పుట్టించే ఆ చిన్న విరామం ఇక్కడ శూన్యంలోకి జారి శోకమవుతుంది. సాధనం మారలేదు. దాన్ని అందుకునే మనిషి లేడు. అందుచేత ఆయన హాస్యాన్ని విడిచి గంభీరనటుడయ్యాడనడం సరికాదు. హాస్యంలో నేర్చిన కాలజ్ఞానమే కరుణను నిలబెట్టింది.

పునరావృతమైన ఆశ్చర్యం: నరేష్, బ్రహ్మానందం

'అల్లరి' (2002)తో ప్రవేశించి ఆ చిత్రం పేరునే ఇంటిపేరుగా మోస్తున్న నరేష్ విషయం ఈ వాదాన్ని మరింత బలపరుస్తుంది. క్రిష్ దర్శకత్వం వహించిన 'గమ్యం' (2008)లో గాలి శీను పాత్ర ద్వారా నవ్వునూ విషాదాన్నీ ఆయన ఒకే ఊపిరిలో అభినయించారు. అయినప్పటికీ విజయ్ కనకమేడల చిత్రం 'నాంది'లో చేయని హత్యకు ఏళ్ల తరబడి విచారణ ఖైదీగా మగ్గిన సూర్యప్రకాశ్‌గా కనిపించినప్పుడు ఆయనను కొత్తగా కనుగొన్నట్లు మాట్లాడినవారే ఎక్కువ. పోలీసుల చేతిలో వివస్త్రుడై హింసపడే సన్నివేశాల తీవ్రత మీదికి ప్రశంస అంతా మళ్లింది. నిజానికి ఆ పాత్రలో నటనకు గీటురాయి వంటి ఘట్టాలు జైలులో కాలం గడిచే నిశ్శబ్ద సన్నివేశాలు. మొదట్లో న్యాయం జరుగుతుందన్న ఆశతో చురుకుగా కదిలిన మనిషి, క్రమంగా ఎవరినీ సూటిగా చూడనివాడవుతాడు. హింసను భరించడం ప్రేక్షకుడికి వెంటనే తెలిసే కష్టం. ఆశ అడుగంటడం మెల్లగా తెలిసే కష్టం. అనూహ్యమన్న మాట మొదటిదాన్ని గుర్తించి రెండోదాన్ని వదిలివేసింది.

బ్రహ్మానందం విషయంలో ముద్ర ఇంకా బరువైనది. అత్తిలిలో తెలుగు అధ్యాపకుడిగా పనిచేసిన ఆయన 'అహ నా పెళ్లంట'లో అరగుండుగా ప్రసిద్ధులై, వందలాది చిత్రాల్లో నవ్వుకు పర్యాయపదమయ్యారు. ఆయన తెరమీదికి రాగానే, నోరు మెదపకముందే ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధమవుతాడు. మరాఠీ 'నటసామ్రాట్'కు తెలుగు రూపంగా కృష్ణవంశీ తీసిన 'రంగమార్తాండ'లో ఆయన చక్రపాణి. ప్రకాశ్‌రాజ్ పోషించిన రాఘవరావుకు ప్రాణమిత్రుడు, సాటి రంగస్థల నటుడు. ఆసుపత్రి మంచం మీద చావుకు చేరువైన మిత్రుడిగా ఆయన కనబడే సన్నివేశంలో దేహానికి కదలిక లేదు. పనిచేయవలసినవి కళ్లు, గొంతు మాత్రమే.

ఈ సన్నివేశానికి అరగుండుతో సంబంధం ఉంది. పిసినారి యజమాని దగ్గర అరగుండు పడే బాధ అంతా మింగుకున్న కోపం. పైకి అనలేని మాట ముఖంలో తిరుగుతూ ఉంటే మనకు నవ్వు వస్తుంది. చక్రపాణిలోనూ మింగుకున్న బాధ ముఖంలో తిరుగుతుంది. మనకు దుఃఖం వస్తుంది. భావాన్ని నిగ్రహించి, ఆ నిగ్రహాన్ని కనబడనీయడం రెండుచోట్లా ఒకటే విద్య. ముప్పై ఆరేళ్ల ఎడంతో వచ్చిన ఈ రెండు పాత్రలనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి రెండోది ఆకస్మికంగా తోచదు. మొదటిదాన్ని నటనగా ఎవరూ పరిశీలించకపోవడం వల్లనే రెండోది అనూహ్యమైంది.

అనూహ్యత వెనుక ఉన్న అసమానత

పై ఉదాహరణల్లో ఒక పోకడ కనిపిస్తోంది. ఆశ్చర్యం ఎప్పుడూ హాస్యం నుంచి కరుణకు, నృత్యగీతం నుంచి భక్తికి, అల్పమని భావించిన చోటు నుంచి ఉన్నతమని భావించిన చోటుకు ప్రయాణిస్తుంది. గంభీరనటుడు నవ్వించినప్పుడు అతడి వైవిధ్యాన్ని మెచ్చుకుంటాం. హాస్యనటుడు ఏడిపించినప్పుడు అతడు అసలైన నటుడని నిరూపించుకున్నాడంటాం. అంటే అప్పటిదాకా చేసినది నటన కింద లెక్కకు రాలేదన్నమాట. తెలుగు సాహిత్యంలో హాస్యరచనకు చాలాకాలం పట్టిన గతే ఇక్కడ హాస్యాభినయానికి పట్టింది.

మరో పరిణామం కూడా గమనార్హం. అనూహ్యమైన అభినయం త్వరలోనే కొత్త ముద్రగా గడ్డకడుతుంది. సోమయాజులు 'సప్తపది' (1981), 'త్యాగయ్య' (1981) వంటి చిత్రాల్లో మళ్లీ పవిత్రుడు, పెద్దమనిషి అయ్యారు. రామప్పపంతులును ఆడిన నటుడి వక్రత, కొంటెతనం చలనచిత్రానికి దాదాపుగా దక్కలేదు. ఒక ముద్రను భగ్నం చేసిన నటుడికి మనం బహూకరించినది మరొక ముద్ర. ఆశ్చర్యాన్నే విలువగా భావించే విమర్శ ఈ నష్టాన్ని గమనించలేదు. ఆశ్చర్యం తీరిన తరువాత దానికి చెప్పడానికి ఏమీ మిగలదు.

ముగింపు

అనూహ్యత అభినయానికి లక్షణం కాదు, ప్రేక్షకుడి నటబుద్ధిలో కలిగే ఒక అలజడి. సావిత్రి ఆంగికం ద్వారా, సోమయాజులు సాత్త్విక స్థైర్యం ద్వారా, మంజుభార్గవి నిగ్రహం ద్వారా, రాజేంద్రప్రసాద్ విరామం ద్వారా, బ్రహ్మానందం మింగుకున్న భావం ద్వారా ఆ అలజడిని అణచి ప్రేక్షకుణ్ణి పాత్ర దగ్గరికి చేర్చారు. ముద్రను కొందరు మరపించారు, కొందరు పాత్రార్థంలో కలుపుకున్నారు. ఈ సాధనాలను వేరుచేసి చూపడం విమర్శ చేయవలసిన పని.

ఇందుకు మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయి. నటుడికి ఉన్న ముద్ర ఏ ప్రేక్షకుల మనసులో, ఏ చిత్రాల వల్ల, ఏ నాటకాల వల్ల ఏర్పడింది? ఆ ముద్రను అతడు ఏ అభినయ సాధనంతో దాటాడు? ఆ సాధనం అతడి పూర్వపాత్రల్లో ఎక్కడ ఉంది? మూడో ప్రశ్న వేసినప్పుడు విమర్శకుడు వెనక్కి వెళ్లి, నవ్వి వదిలేసిన పాత చిత్రాలను తిరిగి చూడవలసి వస్తుంది. తెలుగు శాఖల్లో నాటకం, ప్రదర్శన కళల మీద జరుగుతున్న పరిశోధన హాస్యాభినయాన్ని ఈ దృష్టితో అధ్యయనం చేస్తే, అరగుండు వంటి పాత్రలకు చక్రపాణి దాకా ఆగనవసరం లేని గౌరవం లభిస్తుంది.